జానెడు ఎత్తులో దేవుళ్ళు

మా అపార్టుమెంటులో దేవుళ్ళకి మొదట ఇచ్చిన ఉద్యోగం మెట్ల దగ్గర.

మెట్లు మలుపు తిరిగే మూలల్లో ఎవరెవరో కిళ్ళీ ఉమ్మేవారు. "ఇక్కడ ఉమ్మరాదు" అని కమిటీ వారు ఎర్ర రంగుతో రాయించారు. ఆ ఎరుపులో ఈ ఎరుపు కలిసిపోయింది. అప్పుడు దేవుడి బొమ్మలున్న టైల్స్ తెచ్చి ఆ మూలల్లో అతికించారు. ఉమ్మడం ఆగింది. ఆగిందంటే, దేవుడు లేని మూలకి మారింది. అక్కడా అతికించారు. అలా మూలలన్నీ నిండాక ఉమ్మేవాళ్ళు పక్క అపార్టుమెంటుకి వెళ్ళిపోయారు.

నేను అడ్డు చెప్పలేదు. విశాఖపట్నం పూర్ణామార్కెట్‌లో నాది పటాలు కట్టే కొట్టు. దేవుడి బొమ్మ ఎక్కడ కనబడినా దణ్ణం పెట్టుకోవడం నా అలవాటు. మూడో అంతస్తులో మా ఫ్లాటుకి చేరేసరికి నాకు రోజూ ఒక చిన్న తీర్థయాత్ర అయ్యేది. ఉమ్మేవాణ్ణి ఆపడానికి దేవుణ్ణి నిలబెట్టడమేమిటని అప్పుడప్పుడు అనిపించిన మాట నిజమే గానీ, పెద్దలు ఆలోచించే చేసుంటారని సరిపెట్టుకున్నాను.

పెద్దలంటే ఇద్దరు. ప్రెసిడెంటు ప్రభాకర పట్నాయక్ గారు ఏదో ప్రభుత్వ శాఖలో పెద్ద పదవి చేసి రిటైరయ్యారు. ఏ శాఖో ఆయన చెప్పరు. ఆయన రిటైరవగానే దాన్ని ఎత్తేశారని అంటారు. సెక్రటరీ చయనులు గారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేశారు. పట్నాయక్ గారికి రూలు తెలుసు, చయనులు గారికి శాస్త్రం తెలుసు. ఆ ఇద్దరూ కలిసి కూర్చున్న చోట మిగతావాళ్ళం తెలుసుకోవలసింది ఏమీ మిగలదు.

ఇక మా కుక్క సంగతి.

కిందటి ఆషాఢ పౌర్ణమికి నేనూ నా భార్య వరహాలూ సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్ళాం. కొండ కింద మొదటి మెట్టైన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెట్టేసరికి గోధుమరంగు కుక్క ఒకటి మా వెంట పడింది. మజ్జిగ పందిళ్ళ దగ్గర మేం ఆగితే ఆగింది, లేస్తే లేచింది. కొండ చుట్టూ తిరిగి మళ్ళీ తొలిపావంచాకి చేరేసరికి వరహాలు కాళ్ళు బొబ్బలెక్కి మెట్టు మీద కూలబడింది. కుక్క వచ్చి ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది.

వరహాలు కొండకేసి చేతులెత్తింది. "సామీ, నీ చుట్టూ తిరిగినోడు. ఈడు బతికున్నన్నాళ్ళూ నా ఇంట్లోనే ఇంత ముద్ద పెడతాను."

నన్ను అడగలేదు. అడిగినా నేను కాదనేవాణ్ణి కాదు. స్వామి ఎదుట దొరికినవాడు కనుక అప్పన్న అని పిలుచుకున్నాం.

అప్పన్న బుద్ధిమంతుడు. పొద్దునా సాయంత్రం రోడ్డు మీద ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ దాకా తీసుకెళ్తే పని ముగించుకొని తోకూపుకుంటూ వచ్చేవాడు. ఇంట్లో ఒక్క చుక్క పోసి ఎరగడు.

అలా ఉండగా పట్నాయక్ గారు కొత్త కారు కొన్నారు. సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించి తెచ్చి కింద పార్కింగులో నిలబెట్టారు. చక్రాలకి పసుపు, కుంకుమ, పూలదండ. సాయంత్రం షికారు నుంచి వస్తూ అప్పన్న ఆ చక్రం దగ్గర ఆగి వాసన చూశాడు. వాడికి ఏమనిపించిందో నాకు తెలియదు. నేను గొలుసు లాగేలోపల కాలెత్తేశాడు.

వాచ్‌మన్ సింహాద్రి నవ్వాపుకోలేక పంపు గది వెనక్కి పరిగెత్తాడు. పై నుంచి పట్నాయక్ గారు చూడనే చూశారు.

కమిటీ సమావేశానికి నన్ను పిలిచారు. మినిట్స్ రాస్తున్న చయనులు గారు మధ్యలో కలం ఆపేశారు.

"కుక్క పేరేమిటన్నారు?"

"అప్పన్న అండి."

"అంటే, 'అప్పన్న ప్రెసిడెంటు గారి కారు చక్రముపై మూత్ర విసర్జన గావించెను' అని నేను రాయాలా? సాక్షాత్తూ సింహాద్రినాథుడి పేరు. రాసిన చేయి ఏమవుతుంది?"

"అయితే రాయకండి," అన్నాను ఆశగా.

"రాయకపోతే జరగనట్టే," అన్నారు పట్నాయక్ గారు. "జరిగింది కనుక రాయాలి."

చాలాసేపు తర్జనభర్జన పడి పేరు తీసేసి "మూడవ అంతస్తుకు చెందిన సదరు నివాసి" అని రాశారు. ఆ మినిట్స్ అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. తర్వాత కొన్నాళ్ళు లిఫ్టులో జనం నన్ను చూసి కొంచెం ఎడంగా జరిగి నిలబడేవారు.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది ఫ్లాటుదారులకు తెలియజేయునది ఏమనగా, పెంపుడు జంతువులు లిఫ్టు, మెట్లు, వరండాలు, పార్కింగు ఆదిగాగల ఉమ్మడి ప్రదేశములందు సంచరించరాదు. సదరు జంతువుల కాలకృత్యములు యజమాని ఫ్లాటు హద్దులలోనే జరుగవలెను."

నేను పట్నాయక్ గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, లిఫ్టు ఎక్కకూడదు, మెట్లు దిగకూడదంటే వాడు రోడ్డు మీదికి ఎలా వెళ్తాడండి?"

"రోడ్డు మా పరిధిలో లేదు పైడిరాజు గారూ. మెట్లు మా పరిధిలో ఉన్నాయి."

"ఎత్తుకొని దిగితే?"

"ఎత్తుకున్నా సంచారమే. మీరు సంచరిస్తే మీ చేతిలో ఉన్నది సంచరించినట్టే కదా."

"వాడికి ఇంట్లో అలవాటు లేదండి."

"అలవాటు చేయండి. ఇంట్లో పోయకుండా నేర్పడానికి లోకంలో అందరూ నానా అవస్థ పడుతుంటారు. మీకు ఆ అవస్థ లేకుండా చేశాం."

ఇంటికి వచ్చి వరహాలుకి చెప్పాను. ఆమె ఒకటే మాట అంది. "ఆరికి కుక్క లేదు కాబోలు."

అప్పన్న బిగబట్టాడు. పొద్దుట తలుపు దగ్గర నిలబడి మూలిగాడు. మధ్యాహ్నానికి తలుపుకీ బాల్కనీకీ మధ్య తిరగడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి వణకడం మొదలైంది. ముద్ద ముట్టలేదు. వరహాలు వాడి పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "పోసీరా నాయనా. ఎక్కడో అక్కడ పోసీ. ఎవులూ ఏటీ అనరు. నానే తుడిసీసుకుంటాను," అని బతిమాలింది. ఇన్నాళ్ళూ ఇంట్లో పోయకూడదని మేం నేర్పిన పాఠం వాడు మరచిపోలేదు. మేమే మరచిపోయామేమో అన్నట్టు మా మొహాలు చూశాడు.

చివరికి వంటింట్లో గ్యాస్ సిలిండరు దగ్గరికి వెళ్ళి, తల అటు తిప్పుకొని పోశాడు. పోసి మంచం కింద దూరాడు. వరహాలు సంతోషం పట్టలేక బిస్కెట్లు తీసుకెళ్ళి మంచం కింద పెట్టింది. ఇంట్లో మూత్రం పోసిన కుక్కకి హారతి ఒక్కటే తక్కువ చేసిన ఇల్లు మాదే అయి ఉంటుంది.

మెచ్చుకోలు దొరికింది కదా, వాడు రెండు రోజుల్లో పాఠం తిరగ నేర్చుకున్నాడు. సిలిండరు తర్వాత ఫ్రిజ్ కాలు, ఫ్రిజ్ తర్వాత సోఫా, సోఫా తర్వాత కుర్చీ మీద మడతపెట్టిన నా పట్టుపంచె. ఇసుక తెచ్చి ట్రేలో పోసి పెట్టాం. అందులో పడుకున్నాడు. పాత పేపర్లు పరిచాం. వాటిని చుట్టూ తిరిగి వెళ్ళి పేపరు లేని చోట పోశాడు. ఫినాయిల్, వెనిగర్, పచ్చకర్పూరం కలిపిన నీళ్ళు, పసుపునీళ్ళు, ఎవరేం చెబితే అది వాడి చూశాం. ఒక్కోసారి ఇల్లు ఆస్పత్రిలా, ఒక్కోసారి గుడిలా వాసన వేసేది. ఆ రెంటి అడుగునా అప్పన్న వాసన మాత్రం నిలకడగా ఉండేది.

మా కింద ఫ్లాటులో ఉండే కుసుమకుమారి గారు ఫిర్యాదు చేశారు. బాల్కనీ గొట్టంలోంచి వాసన దిగుతోందట.

తనిఖీకి సబ్ కమిటీ వచ్చింది. పట్నాయక్ గారు, చయనులు గారు, ముక్కుకి చెంగు అడ్డుపెట్టుకొని కుసుమకుమారి గారు. ముగ్గురూ హాలు, వంటిల్లు, పడకగది తిరిగారు.

"దీనికి మూల కారణమేమిటి?" అడిగారు పట్నాయక్ గారు.

"మీ సర్క్యులర్ అండి."

ఆయన మొహం విప్పారింది. "అంటే సర్క్యులర్ అమలవుతోందన్నమాట. రాసుకోండి చయనులు గారూ. అమలు సంతృప్తికరం. వాసన అసంతృప్తికరం."

"వాసన పోవాలంటే ఆణ్ణి కిందకి దింపనివ్వండి బాబూ," అంది వరహాలు.

"అమలవుతున్న దాన్ని మార్చే సంప్రదాయం లేదమ్మా," అన్నారాయన.

చయనులు గారు చాలాసేపు సోఫా వెనక మరక వంక చూసి గొంతు సవరించుకున్నారు. "మనకి మెట్ల అనుభవం ఉంది కదండీ. దేవుణ్ణి పెట్టిన చోట మనిషి ఉమ్మలేదు. సర్వజీవుల్లోనూ పరమాత్మ ఉన్నాడన్నప్పుడు, పరమాత్మ ఎవరో సర్వజీవులకీ తెలిసి ఉండాలి. ఇక్కడా టైల్స్ పెడితే సరి."

నేను మెల్లగా అడిగాను. "మాస్టారూ, బొమ్మలో ఉన్నది దేవుడని కుక్కకి తెలుస్తుందాండీ?"

"తెలియదని మీ దగ్గర ఆధారం ఉందా?" అన్నారు పట్నాయక్ గారు.

నా దగ్గర లేదు. నిజానికి గిరి ప్రదక్షిణ చేసిన కుక్క. నేనే ఎలా చెప్పగలను?

మెట్ల దగ్గర మిగిలిన టైల్స్, తెల్ల సిమెంటు పట్టుకొని సింహాద్రి వచ్చాడు. అప్పన్నని నిలబెట్టి, కాలెత్తితే ధార ఎంత ఎత్తున పడుతుందో చూసి, నేల నుంచి జానెడు ఎత్తుగా నిర్ణయించారు. సిలిండరు వెనక లక్ష్మీదేవి, ఫ్రిజ్ పక్కన ఆంజనేయస్వామి, సోఫా వెనక వినాయకుడు. నా కొట్టుకి వచ్చేవాళ్ళు పటం పైకి కట్టడానికి కొక్కెం గట్టిగా బిగించమంటారు. ఇంకా పైకి, ఇంకా పైకి అంటారు. జానెడు ఎత్తులో కావాలన్నవాళ్ళు నాకు ఎన్నడూ తగల్లేదు. ఆ మాట అన్నాను. కుక్క ఎత్తుని బట్టి దేవుడు దిగి రావడం ఆయన సౌలభ్య గుణమని చయనులు గారు సెలవిచ్చారు.

అప్పన్న మూడు టైల్స్‌నీ వాసన చూశాడు. తెల్ల సిమెంటు నచ్చలేదో, భక్తే కలిగిందో, అక్కడ పోయలేదు. అల్మరా పక్కకి వెళ్ళి పోశాడు.

పట్నాయక్ గారు దీన్ని ఘన విజయంగా ప్రకటించారు. పెట్టిన చోట ఫలించింది కనుక పెట్టని చోటికి విస్తరించాలన్నారు. అల్మరా పక్కన సరస్వతి వచ్చింది. అప్పన్న గుమ్మం పక్కకి వెళ్ళాడు. గుమ్మానికి రెండు వైపులా జయవిజయులు వచ్చారు. వాడు కిటికీ కిందకి వెళ్ళాడు. కిటికీ కింద శివపార్వతులు వచ్చారు. వాడు ముందు, దేవుళ్ళు వెనక. నెల తిరిగేసరికి మా ఇంట్లో గోడల అడుగు భాగమంతా దేవుళ్ళు వరసగా కొలువుతీరారు.

నడవడి మారింది. అప్పన్నది కాదు, మాది.

సోఫాలో కూర్చుని కాళ్ళు చాపితే ఎదుట రాముడు. ముడుచుకుంటే పక్కన సుబ్రహ్మణ్యుడు. మంచం ఏ దిక్కుకి తిప్పినా కాళ్ళ వైపు ఎవరో ఒకరు ఉంటారు. ఇద్దరం మోకాళ్ళు గడ్డానికి ఆనించుకొని పడుకోవడం అలవాటు చేసుకున్నాం. చెప్పులు లిఫ్టు దగ్గరే విడిచేవాళ్ళం. చీపురు తగులుతుందని వరహాలు గోడ వార పైటచెంగుతో తుడిచేది. వంటింట్లో లక్ష్మీదేవి ఎదురుగా వంజరం ముక్కలు వేయించడానికి ఆమెకి చేతులు రాలేదు. ఇంట్లో చేపలు ఆగిపోయాయి. పప్పన్నం ముద్ద ముందు అప్పన్న కూర్చుని చాలాసేపు ఎదురుచూసేవాడు, ఇంకేదో వస్తుందన్నట్టు.

ఒకనాటి సాయంత్రం వరహాలు ప్రమిదలన్నీ బయటికి తీసింది. "ఏటి సేస్తున్నావు?" అన్నాను.

"మరి ఇంతమంది ఇంటికొచ్చినారు. సీకట్లో కూకోబెడతామా? ఆరినెవులో తెచ్చి అతికిస్తే మాత్రం, వొచ్చినోలు దేవుల్లే కదా."

నేనూ కూర్చుని వత్తులు చేసిచ్చాను. ప్రతి టైల్ ముందూ దీపం, పక్కన చిన్న బెల్లం ముక్క. అప్పటినుంచి రోజూ అంతే.

ఇంట్లో దేవుడు లేని చోటు ఇక బాత్‌రూము ఒక్కటే మిగిలింది. అప్పన్న అక్కడికి వెళ్ళి నీళ్ళు పోయే కన్నం దగ్గర పోసి వచ్చాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కష్టం తీరిపోయిందనుకున్నాం.

పట్నాయక్ గారు మా తలుపు మీద "మూత్రరహిత ఫ్లాటు" అని బోర్డు పెట్టించారు. వేరే అపార్టుమెంట్ల ప్రెసిడెంట్లు అధ్యయనానికి వచ్చారు. "ఇది ప్రవర్తనలో మార్పు తెచ్చే నమూనా," అని ఆయన వాళ్ళకి చెబుతుంటే నేను పక్కన నిలబడి టీ అందించాను. ఒకాయన అప్పన్నతో ఫోటో దిగాడు.

దీపాల పొగ వస్తోందని కుసుమకుమారి గారు మళ్ళీ పైకి వచ్చారు. తలుపు తెరవగానే చీకటి గదిలో నేల వారన వరసగా వెలుగులు, వెలుగుల వెనక దేవుళ్ళు. ఆవిడ ఫిర్యాదు మాట మరచిపోయారు. చేతులు జోడించి వెళ్ళి, మర్నాడు కొబ్బరికాయతో వచ్చారు. ఆ మర్నాడు తన మోకాలి నొప్పి తగ్గిందన్నారు. తర్వాత ఎదురు ఫ్లాటువాళ్ళు, పై అంతస్తువాళ్ళు, పక్క వీధివాళ్ళు. శనివారాల్లో మా వరండా నిండా చెప్పులు. మా హాల్లో కొబ్బరినీళ్ళు. మేం తిందామంటే చోటు లేదు, పడుకుందామంటే ప్రదక్షిణలు చేసేవాళ్ళు. అప్పన్న బాత్‌రూములో తలుపు వారగా పడుకొని జనం కాళ్ళు చూస్తూ ఉండేవాడు.

అప్పుడొచ్చింది నోటీసు.

"మూడవ అంతస్తులోని సదరు ఫ్లాటు ప్రజల నిత్య పూజాదికములచే ప్రార్థనా స్థలముగా మారినదని కమిటీ గుర్తించినది. బైలాల ప్రకారము ప్రార్థనా స్థలమందు జంతువులు నిషిద్ధము. కావున సదరు శునకమును వచ్చే ఏకాదశి లోగా తొలగించవలెను."

నోటీసు నేను చదివి వినిపిస్తే వరహాలు నేల మీద చతికిలబడింది. అప్పన్న వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టాడు. వాడి చెవులు నిమురుతూ ఆమె నోటీసుకేసి కాక నాకేసి చూసింది. "సామికి మాటిచ్చినాను," అంది, అంతే.

జనరల్ బాడీలో లేచి నిలబడ్డాను. ఇంతమందిలో మాట్లాడటం నాకు అలవాటు లేదు.

"అయ్యా, దేవుళ్ళని మా ఇంటికి తెచ్చింది కుక్క కోసం. ఇప్పుడు దేవుళ్ళున్నారు కనుక కుక్కని పొమ్మంటున్నారు. కుక్కే లేకపోతే ఆ టైల్స్‌కి పనేముందండీ?"

"ప్రశ్న తర్కబద్ధంగా ఉంది," అన్నారు పట్నాయక్ గారు. "కానీ అజెండాలో లేదు."

"పోనీ, టైల్స్ తీసేస్తే?"

చయనులు గారు కళ్ళజోడు తీశారు. "దీపం పెట్టారా?"

"రోజూనండి."

"నైవేద్యం?"

"బెల్లం ముక్క."

"ఇంకేం? కొలువై కూర్చున్నట్టే. ఇప్పుడు ఉలీ సుత్తీ పట్టుకొని పీకుతారా? దేవుడి మొహం మీద ఉలి పెట్టే మొనగాడెవరో లేవమనండి."

ఎవరూ లేవలేదు. పట్నాయక్ గారు వాచ్‌మన్ వైపు చూశారు. సింహాద్రి రెండడుగులు వెనక్కి వేశాడు. "నాను సెయ్యను బాబూ. పిల్లలోణ్ణి. అతికించమన్నారు, అతికించినాను. పీకడం మాత్రం మీరే పీకీండి."

అందరూ నా వైపు చూశారు. ఇల్లు నాది, ఉలి పడితే నేనే పట్టాలి. వినాయకుడి మొహం గుర్తొచ్చింది. వరహాలు ప్రతి సాయంత్రం ఆ మొహానికి వంగి దణ్ణం పెడుతుంది. నేను కూర్చుండిపోయాను.

"అయితే దేవుళ్ళు ఉంటారు. శునకం పోతుంది. ఏకగ్రీవం," అన్నారు పట్నాయక్ గారు.

ఏకాదశి ముందు రోజున నేను కొట్టు తెరవలేదు. హాల్లో దేవుళ్ళ మధ్య కూర్చున్నాను. గోడ మీద ఉన్న స్వామికి పూజ చేయాలంటే కొండ మీద ఉన్న స్వామికి ఇచ్చిన మాట తప్పాలి. ఆ మాట నిలబెట్టుకోవాలంటే ఈ గోడ పగలగొట్టాలి. ఇద్దరూ ఒకరే అయినప్పుడు ఎవరి కోసం ఎవరికి అపచారం చేస్తున్నానో నాకు తెలియలేదు. నేను చదివింది తక్కువ. చయనులు గారిని అడిగితే ఇంకో దీపం పెట్టమంటారేమోనని భయపడి అడగలేదు.

వరహాలు వచ్చి నా ఎదుట కూర్చుని, "నాను మొక్కిన మాట మీకు గురుతుందా?" అంది.

"ఇంట్లో పెట్టుకొని ముద్ద పెడతానన్నావు."

"నా ఇంట్లో అన్నాను. ఇది ఏటి, నా ఇల్లా? కాళ్ళు సాపుకోడానికి నేదు, సేపముక్క ఏపుకోడానికి నేదు. పెసిడెంటుగారే గుడని కాయితం ఇచ్చినారు. గుళ్ళో సంసారం ఎవులైనా సేస్తారేటండీ? నడవండి. నానెక్కడుంటే అది నా ఇల్లు."

ఆ సాయంత్రమే తాళం చెవులు పట్నాయక్ గారి చేతిలో పెట్టాను.

"మీ నోటీసు ప్రకారం అది ప్రార్థనా స్థలమండి. మేం అక్కడ పడుకోవడం, వండుకోవడం అపచారం కదా. సామాను దింపేస్తున్నాం. దీపాలు మాత్రం ఆరకూడదు. చయనులు గారే అన్నారు, కొలువై కూర్చున్నారని."

ఆయన తాళాల వంక సంతోషంగానే చూశారు. కాసేపటికి ఏదో లెక్క తేలినట్టు మొహం మారింది. "దీపాలు ఎవరు పెట్టాలి?"

"అజెండాలో పెట్టండి సార్," అన్నాను. వెటకారానికి అనలేదు. వాళ్ళ పద్ధతి అదే కదా అని అన్నాను.

సామాను దింపడానికి లిఫ్టు ఇచ్చారు. అప్పన్నకి ఇవ్వలేదు. ఉమ్మడి ప్రదేశం కనుక వాణ్ణి దింపడానికి కూడా ప్రత్యేక అనుమతి కావాలన్నారు. ఉండకూడదు, పోవడానికి దారి లేదు. చివరికి వాణ్ణి నా పట్టుపంచెలో చుట్టి సామానుగా రాయించి మెట్ల మీదుగా దింపాం. వాడు మూటలోంచి మొహం బయటపెట్టి, మెట్ల మూలల్లో దేవుళ్ళందరినీ చూసుకుంటూ దిగాడు.

కురుపాం మార్కెట్ వెనక సందులో పెంకుటిల్లు అద్దెకి దొరికింది. వీధి తలుపు తీస్తే సందు, సందు దాటితే ఖాళీ స్థలం, స్థలం నిండా తుప్పలు. మొదటి రోజున అప్పన్న తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరి వైపూ అనుమానంగా చూశాడు. "ఎల్లరా, ఎల్లు," అంది వరహాలు. నమ్మలేదు. ఆమె తనే ముందు నడిచి తుప్పల దాకా తీసుకెళ్ళింది. వాడు చాలాసేపు పోశాడు. ఇంట్లోకి వచ్చి చుట్టూ చూసి, ఏ మూలనీ ముట్టకుండా గుమ్మం దగ్గర పడుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఒక్క చుక్క పడలేదు.

అపార్టుమెంటు సంగతులు సింహాద్రి చెబుతుండేవాడు. దీపాలకి ఫ్లాటుల వారీగా డ్యూటీ వేశారట. డ్యూటీ తప్పినవాళ్ళకి జరిమానా వేశారట. జరిమానా కట్టడమే మేలని అందరూ కట్టేస్తున్నారట. దాంతో రోజూ ప్రమిదలు తోమి వత్తులు వేసేది పట్నాయక్ గారు, చయనులు గారేనట. నడుం వంచి జానెడు ఎత్తు దేవుళ్ళకి దీపాలు పెట్టి పెట్టి ప్రెసిడెంటుగారు నడుముకి బెల్టు కట్టుకున్నారని చెప్పి సింహాద్రి ఈసారి ఎక్కడికీ పరిగెత్తకుండా నవ్వాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ మా సందులోకి వచ్చారు. వరహాలు వంజరం పులుసు దించుతోంది. అప్పన్న పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. చయనులు గారు వాకిట్లోనే ఆగి ముక్కు మూసుకున్నారు. పట్నాయక్ గారు బెల్టు సవరించుకుంటూ కుర్చీలో కూర్చున్నారు.

"ఒక సాంకేతిక సమస్య తలెత్తింది పైడిరాజు గారూ. బెల్లానికి ఎలకలు వస్తున్నాయి. వెలుగుతున్న వత్తులు లాక్కుపోతున్నాయి. మొన్న కర్టెను అంటుకుంది."

"పిల్లిని పెట్టలేకపోయారా?"

"పిల్లికి శాస్త్రంలో స్థానం లేదు," అన్నారు వాకిట్లోంచి చయనులు గారు. "శునకానికి ఉంది. కాలభైరవుడి వాహనం. క్షేత్రపాలకుడు లేని క్షేత్రం నిలవదు. మేం ఆ రోజున తొందరపడ్డాం."

పట్నాయక్ గారు సంచిలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టారు. "సదరు శునకమును ప్రార్థనా స్థల రక్షణార్థము శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది. నియామకము పొందిన శునకము సదరు ఫ్లాటులోనే నివసించవలెను. శునకము యొక్క యజమాని కుటుంబమునకు నివాస వసతి లేదు. దర్శన వేళలలో రావచ్చును."

వరహాలు గరిటె పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది.  అప్పన్న లేచి వెళ్ళి ఆమె కాళ్ళ వెనక నిలబడ్డాడు.

నేను కాగితం చివరిదాకా చదివాను. "అంతా బాగానే ఉందండి. ఒక్కటి తెలుసుకోవాలి. వాడు అక్కడే ఉంటే మూత్రం ఎక్కడ పోయాలి?"

"బాత్‌రూములో పోసేవాడు కదా."

"మేం ఉన్నప్పుడండి."

పట్నాయక్ గారు చయనులు గారి వైపు చూశారు. చయనులు గారు పెంకుల వైపు చూశారు.

"బాత్‌రూములో మొన్న నరసింహస్వామిని పెట్టించాం," అన్నారు చివరికి పట్నాయక్ గారు. "ఖాళీగా ఉంటే బాగుండదని."

"అయితే కిందకి దింపుతారా?"

"మెట్లు ఉమ్మడి ప్రదేశం కదండీ. ఆ అంశం ఇంకా కమిటీ పరిశీలనలో ఉంది."

ఈలోగా అప్పన్న వరహాలు వెనకనుంచి వచ్చి వీధి తలుపు దగ్గర నిలబడి నా వైపు చూసి చిన్నగా మూలిగాడు.

"మీరు కూర్చోండి సార్," అన్నాను లేస్తూ. "వీడికి అవసరం వచ్చింది. పరిశీలనదాకా ఆగడు." కాగితం ఆయన చేతికి తిరిగి ఇచ్చి, తలుపు తీసి, వాడి వెనక సందులోకి నడిచాను.